ద్వితీయార్ధం నిద్రలో పోయింది!

మూడు నెలల కిందట రెండు వారాలపాటు ఈ పేజీ కనపడలేదు. "ఏం సార్, ఫారిన్ షూటింగుకి వెళ్ళారా?" అని గుంటూరు నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. అప్పుడు జవాబివ్వలేదు. ఇప్పుడిస్తున్నాను. లేదు నాయనా, ఆసుపత్రికి వెళ్ళాను. అదీ నిద్రపోవడానికి! నవ్వకండి. ఒక రాత్రి నిద్రపోయినందుకు బిల్లు కట్టి, రసీదు పుచ్చుకుని మరీ వచ్చాను.

నా గురక సంగతి పరిశ్రమలో అందరికీ తెలిసిందే. ప్రివ్యూ థియేటర్లో లైట్లు ఆరితే చాలు, పది నిమిషాల్లో నా రీలు మొదలయ్యేది. పక్క సీటు విలేఖరి మోచేత్తో పొడిచేవాడు. "ఆఁ, చూస్తున్నా, చూస్తున్నా" అనేవాణ్ణి. మన సినిమాల్లో గురకంటే కామెడీయే కదా! లావుపాటి మామగారు ఊపిరి లాగితే కిటికీ తెర లోపలికొస్తుంది, వదిలితే బయటికి పోతుంది, హాలంతా గొల్లుమంటుంది. నేనూ నవ్వినవాణ్ణే. అందుకే నా గురకనీ నేనెప్పుడూ జబ్బనుకోలేదు.

ఇక్కడొక నేరం ఒప్పుకోవాలి. పోయినేడాది ఒక కొత్త దర్శకుడి మొదటి చిత్రానికి ప్రెస్ షో వేశారు. ఇంటర్వెల్లో సమోసా తిని, టీ తాగి సీట్లో కూర్చోవడం వరకే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి తెరమీద పేర్లు పడుతున్నాయి. ఇంటికొచ్చి ఏం రాశానో తెలుసా? "ప్రథమార్ధం ఫరవాలేదు. ద్వితీయార్ధం సాగదీశారు." ఎవడూ పట్టుకోలేడనుకున్నాను. నెల తిరక్కుండా ఒక ఫంక్షన్లో ఆ కుర్రాడు ఎదురుపడ్డాడు. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా, "సార్, ఏ సీను సాగిందో చెప్తే వచ్చే సినిమాలో సరిచేసుకుంటాను" అన్నాడు. నా నోట మాట రాలేదు. దగ్గొచ్చినట్టు నటించి, మంచినీళ్ళ కోసం అటు వెళ్ళిపోయాను. ఇరవై ఏళ్ళుగా నటీనటుల నటనకి మార్కులు వేసినవాణ్ణి. ఆ రోజు నా నటనకి మాత్రం సున్నాయే.

అయినా డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదండీ. నన్ను కదిలించింది మా ఆవిడ సెల్ ఫోను. ఒక పొద్దున్న కాఫీతోపాటు ఆ ఫోనూ నా ముందు పెట్టి, "ఏవండీ, ఇది వినండి" అంది. మొదట గురక... లారీ ఘాటెక్కుతున్నట్టు. ఉన్నట్టుండి ఆగిపోయింది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ గొంతు, సన్నగా లెక్కపెడుతోంది... పద్దెనిమిది, పంతొమ్మిది... ఇరవై ఆరు అనేసరికి నేను నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా గుర్రుమని ఊపిరి లాగాను. "ఎన్నాళ్ళుగా లెక్కపెడుతున్నావే?" అంటే "రెండేళ్ళు" అంది. అంటే నేను సీట్లో కునుకు తీసి సరదాపడిన రెండేళ్ళూ ఆవిడ సరిగ్గా నిద్రపోలేదన్నమాట.

డాక్టరుగారు నా మెడ చుట్టుకొలత తీశారు, నోరు తెరిపించి చూశారు, బీపీ చూసి పెదవి విరిచారు. పొద్దున్నే తలనొప్పి ఉంటోందా, రాత్రి పదేపదే మూత్రానికి లేస్తారా, కారు నడుపుతూ కునుకు వచ్చిందా అని అడిగారు. అన్నిటికీ ఉందనే చెప్పాను. "స్లీప్ ఆప్నియాలా ఉంది. ఒక రాత్రి ఇక్కడ పడుకోండి, చూద్దాం" అన్నారు.

ఆ రాత్రి కథ చెప్పితీరాలి. గది లాడ్జి గదిలా బాగానే ఉంది. కానీ తొమ్మిదింటికి ఒక టెక్నీషియన్ కుర్రాడొచ్చి మేకప్ మొదలెట్టాడు. గంటసేపు! నెత్తిమీద జిగురు పూసి మెదడు తరంగాల తీగలు. కళ్ళ పక్కన రెండు, గడ్డం కింద రెండు, కాళ్ళకి రెండు, గుండె మీద కొన్ని. ఛాతీకో బెల్టు, పొట్టకో బెల్టు. ముక్కు దగ్గర సన్న గొట్టం, గొంతు మీద చిన్న మైకు, వేలికి ఎర్రగా వెలిగే క్లిప్పు. అద్దంలో చూసుకుంటే జానపద చిత్రంలో మాంత్రికుడి ప్రయోగశాల గుర్తొచ్చింది. పైన మూలగా కెమెరా, చీకట్లోనూ కనిపించేది.

లైటు ఆర్పాక స్పీకర్లోంచి డైరెక్షన్! "సార్, కళ్ళు కుడికి, ఎడమకి తిప్పండి... ఎడమ కాలి వేళ్ళు కదపండి... ఇప్పుడు గురక పెట్టినట్టు శబ్దం చెయ్యండి." చేశాను. "కొంచెం నేచురల్‌గా సార్" అన్నాడు! తీగలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికట అదంతా. ఇన్ని తీగల మధ్య నిద్రెలా పడుతుందనుకున్నాను. నాకా? అయిదు నిమిషాలు పట్టలేదు!

రెండు గంటలు దాటాక తట్టి లేపాడు. ముక్కుకి ఒక మాస్కు కట్టి, గొట్టం తగిలించి, మళ్ళీ పడుకోమన్నాడు. జబ్బు తీవ్రంగా ఉందని మొదటి సగంలోనే తేలితే, రెండో సగం మాస్కు పెట్టి చూస్తారట. అదన్నమాట మన ఇంటర్వెల్! ఆ తర్వాత కళ్ళు తెరిస్తే అయిదున్నర. జుట్టంతా జిగురు. కానీ తలనొప్పి లేదు. ఎన్నాళ్ళయిందో అలా లేచి!

రిపోర్టులో విషయం ఇదీ. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగురుతూనే ఉంటుంది, గాలి మాత్రం వెళ్ళదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు కంగారుపడి ఒక్క క్షణం లేపుతుంది. మనకి గుర్తుండదు. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా లెక్కలోకి వేసుకుంటారు. గంటకి 5 లోపయితే మామూలు. 30 దాటితే తీవ్రం. నాది 41! అంటే గంటకి నలభైసార్లు నా నిద్రకి ఎవరో "కట్" చెప్తున్నారు. పగలు ప్రివ్యూలో కునుకు రాక ఏమవుతుంది?

ఇది హాస్యం కాదని చెప్పడానికి ఒక పేరు చాలు. బప్పీలహరి. సింహాసనం (1986), గ్యాంగ్ లీడర్ (1991), రౌడీ అల్లుడు (1991) పాటలకి మీ అమ్మానాన్నలు థియేటర్లో ఈలలు వేసే ఉంటారు, అడగండి. మెడలో బంగారం, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని దేశాన్ని ఊపిన మనిషి. 2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబైలో కన్నుమూశారు, 69 ఏళ్ళకి. వేరే అనారోగ్యాలూ ఉన్నాయిగానీ, మరణకారణంగా డాక్టర్లు చెప్పింది ఈ స్లీప్ ఆప్నియానే. ఆ వార్త నేనూ రాశాను. రాస్తూ ఆ మాటని ఎలాగూ తెలుగు చెయ్యలేక అలాగే ఉంచేశాను. నా గొంతులోనే అది కూర్చుందని నాకేం తెలుసు!

ఇక ఆ మాస్కు యంత్రం. సీపాప్ అంటారు. గాలిని ఒక ఒత్తిడితో ముక్కులోకి పంపి, గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. అంతే. సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరూ ఆయన సహచరులూ 1981లో దీన్ని లోకానికి చెప్పారు. అంతకుముందు జబ్బు ముదిరితే గొంతుకి రంధ్రం పెట్టడమే గతి. ఇది చదివాక మాస్కుని తిట్టడం మానేశాను.

తిట్టలేదని కాదు. మొదటి వారం నరకం. అర్ధరాత్రి నిద్రలోనే పీకి పారేసేవాణ్ణి. మీసం దగ్గర గాలి లీకై బుస్సుమని పాములా శబ్దం. నోరెండిపోయేది. మా అమ్మాయి తలుపు తీసి చూసి "నాన్నా, విలన్ గెటప్పా?" అని పక్కున నవ్వింది. మాస్కు సైజు మార్చారు. గాలిని తడిచేసే డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయమన్నారు. సాయంత్రం టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోమన్నారు. మూడో వారానికి కుదిరింది. మీసం మాత్రం త్యాగం చేశాను, ఫొటో మార్చాలని ఎడిటరుగారికి మనవి. ఇప్పుడు గంటకి 3 అని చూపిస్తోంది యంత్రం. మా ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. మొదట్లో ఆ నిశ్శబ్దానికి భయపడి లేచి నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదట.

మీలో కుర్రాళ్ళెవరైనా నాన్నగారి గురకని మిమిక్రీ చేసి స్నేహితుల్ని నవ్విస్తున్నారా? చెయ్యండి, తప్పులేదు. కాకపోతే మధ్యలో ఆగుతోందేమో కూడా వినండి. ఆగితే రికార్డు చేసి డాక్టరుకి వినిపించండి. గురకపెట్టే ప్రతివాడికీ ఈ జబ్బుండదు, సన్నగా ఉన్నవాడికి రాదనీ లేదు. పక్కింటాయన వాడుతున్నాడని యంత్రం మాత్రం కొనుక్కోకండి, ఎంత ఒత్తిడి పెట్టాలో పరీక్ష చేశాకే తేలుతుంది.

అన్నట్టు, పోయిన ఆదివారం ఆ కొత్త దర్శకుడి చిత్రం ఇంట్లో మొదటి నుంచి చివరిదాకా చూశాను, ఒక్క కునుకు లేకుండా. తర్వాత అతనికి ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడెలా ఉంది సార్?" అన్నాడు. నా ఆరోగ్యం గురించి అడిగాడో, సినిమా గురించి అడిగాడో తెలియలేదు. రెండిటికీ కలిపి బాగుందన్నాను. అతని పేరు రాయొద్దన్నాడు, రాయను. కానీ ఏడాది కిందట ఇదే పేజీలో రాసిన ఒక్క వాక్యాన్ని ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాను. ద్వితీయార్ధం సాగలేదు. బస్టాండులో తండ్రీకొడుకుల సీను చాలా బాగా తీశాడు. పాటొక్కటి తగ్గిస్తే ఇంకా బాగుండేది.