"సూపర్ తమ్ముడూ" అంటే సరిపోదు

మన హాస్టల్ పిల్లలు ఫోన్‌తో తీసిన ఫోటో తెచ్చి చూపిస్తే మనలో చాలామంది అనే మాట ఒకటే: "సూపర్ తమ్ముడూ". ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట దగ్గరే ఆ పిల్లాడి నేర్చుకోవడం ఆగిపోతుంది. ఇంకొందరు "నీకు ఫ్రేమింగే రాదు" అని తీసిపారేస్తారు. ఏం మార్చుకోవాలో ఇద్దరూ చెప్పరు.

ముందు అడగాల్సింది "ఏం చూపించాలనుకున్నావు?" అని. ఆ తర్వాత ఫోటోలో కుదిరింది ఒకటి, మార్చాల్సింది ఒకటి చెప్పండి. ఒకేసారి పది తప్పులు చెబితే ఫోన్ జేబులో పెట్టేస్తారు.

సున్నం కొట్టిన గోడ ముందు కూర్చున్న అమ్మమ్మ ఫోటో అనుకుందాం. గోడ బాగా వచ్చింది, ఆమె ముఖం మాత్రం నల్ల మరకలా ఉంది. తప్పు ఆమె రంగుది కాదు. కెమెరా మొత్తం దృశ్యాన్ని ఒక సగటు వెలుగుకి తేవాలని చూస్తుంది. తెలుపు ఎక్కువుంటే వెలుగు తగ్గించేస్తుంది. కాబట్టి చెప్పాల్సిన మాట: "ముఖం మీద వేలితో తాకి, వెలుగు కొంచెం పెంచు. గోడ పోతే పోనీ."

ఈ పక్షపాతం పాతదే. కొడాక్ కంపెనీ 1950ల నుంచి ల్యాబులకు పంపిన 'షర్లీ కార్డు' మీద ఉండేది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టే లెక్క. ముదురు గోధుమ రంగులు సరిగా రావట్లేదని చాక్లెట్, చెక్క ఫర్నిచర్ కంపెనీలు ఫిర్యాదు చేశాక గానీ కొడాక్‌లో కదలిక రాలేదు.

ఇప్పుడు ఆ పని ఎడిటింగ్ యాప్ చేస్తోంది. బ్యూటీ ఫిల్టర్ పెడితే అమ్మమ్మ తెల్లబడుతుంది. క్లారిటీ చివరిదాకా లాగితే ఆమె ముడతలు బీటలు వారిన నేలలా కనిపిస్తాయి. మొదటిది ఆమె రంగుకి సిగ్గుపడుతుంది, రెండోది ఆమె పేదరికాన్ని అమ్ముకుంటుంది. రెండూ వద్దని చెప్పండి. షాడోస్ కొద్దిగా పెంచి, ఫోటో ఆమెకే చూపించమనండి. "ఇది నేనే" అంటే చాలు.

ముంబై సఫాయి కార్మికులను ఏళ్ల తరబడి ఫోటోలు తీసిన సుధారక్ ఓల్వే పని, తమిళనాడులో పళని కుమార్ పని పిల్లలకు చూపించండి. అక్కడ మనుషులు జాలి అడగరు, మన కళ్లలోకి చూస్తారు.

చివరిగా ఒకటి. దాడి జరిగిన ఊళ్లో తీసిన ఫోటో అయితే దిద్దొద్దు. అది రేపు సాక్ష్యం కావచ్చు. అసలు ఫైలు అలాగే దాచాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇన్నాళ్లూ మన ఫోటోలు ఎవరో తీశారు, ఎవరో దిద్దారు. ఇప్పుడు కెమెరా మన పిల్లల చేతిలో ఉంది. వాళ్లకి చప్పట్లతో పాటు నిజం కూడా బాకీ ఉన్నాం.

జై భీమ్.