సింహం మన వంక చూడదు

రాజమౌళిగారు 2025లో మహేశ్‌బాబుతో కెన్యా వెళ్ళి ‘వారణాసి’ షూటింగ్ చేసుకొచ్చిన దగ్గర్నుంచీ మన కుర్రకారుకి ఆఫ్రికా మీద మోజు పుట్టింది. నేనూ వెళ్ళొచ్చానని తెలిసి ఉస్మాన్‌గంజ్‌లో ఎదురైనవాళ్ళంతా అడిగేది ఒక్కటే: “సార్, సింహం ఎంత దగ్గరికొచ్చింది?” సింహం సంగతి చెబుతాను, తొందరపడకండి. ముందు మాట సంగతి.

సఫారీ అంటే మనకి మొదట గుర్తొచ్చేది 1970లలో హీరోలూ, వాళ్ళని చూసి మన బాబాయిలూ తొడిగిన సఫారీ సూటు. స్వాహిలీ భాషలో మాత్రం సఫారీ అంటే ప్రయాణం, అంతే! అరబ్బీ ‘సఫర్’ నుంచి వచ్చింది. మన ఉర్దూలోనూ అదే మాట. గంజిలో బస్తాల మధ్య ఉర్దూ వింటూ పెరిగినవాడికి నైరోబీలో చాలా మాటలు చుట్టాల్లా పలకరిస్తాయి. అక్కడ కొట్టుని ‘దుకా’ అంటారు, బండిని ‘గారి’ అంటారు, స్నేహితుణ్ణి ‘రఫీకి’ అంటారు. చాయ్ చాయే, చపాతీ చపాతీయే. జాన్ వేన్ నటించిన ‘హటారీ’ (1962) పేరు విన్నారు కదూ? హటారీ అంటే అపాయం. మన ‘ఖతర్నాక్’లోని ‘ఖతర్’కి స్వయానా తోబుట్టువు.

ఆ ‘హటారీ’ని హోవార్డ్ హాక్స్ ఇప్పటి టాంజానియాలో తీశారు. జూలకి జంతువుల్ని పట్టి పంపేవాళ్ళ కథ. పరుగెత్తే జీపుల్లో నటులే స్వయంగా కూర్చుని జంతువుల వెంటపడ్డారు. మన ‘అడవి రాముడు’ (1977) ముదుమలై అడవుల్లో తీసింది. అందులో ఎన్.టి. రామారావుగారు చెప్పినట్టల్లా ఏనుగులు విన్నాయి. ఉస్మాన్‌గంజ్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాటి, అబిడ్స్ రామకృష్ణ 70 ఎం.ఎం.కి నడిచిపోయి సినిమాలు చూసిన తరం మాది. జంతువు తెరమీదికి రావడమే హీరో కోసం అని మాకు అలవాటైపోయింది.

నా మొదటి సఫారీ నైరోబీ నేషనల్ పార్కులో. 1946లో ఏర్పడిన ఈ పార్కు కెన్యాలో మొట్టమొదటిది. విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లు. చిత్రమేమిటంటే ఇది నగరం నడిబొడ్డుకి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మూడువైపులా కంచె, దక్షిణం వైపు మాత్రం జంతువులు వచ్చిపోవడానికి వదిలేశారు. జిరాఫీ తుమ్మాకు మేస్తుంటే వెనకాల ఆకాశమంటే మేడలు! ఆర్ట్ డైరెక్టరు పొరపాటున వేరే సినిమా బ్యాక్‌డ్రాప్ తగిలించాడేమో అనిపిస్తుంది. ఎత్తయిన స్తంభాల మీద పార్కుకి అడ్డంగా 2019 నుంచి రైలు కూడా పోతోంది.

ఉదయం ఆరింటికే గేట్లోకి ప్రవేశించాం. పైకప్పు పైకి లేచే వ్యాను. చారల గుర్రాలు, జింకలు, నిప్పుకోళ్ళు కనిపించాయి. తర్వాత గంటన్నరసేపు గడ్డి, గడ్డి, మళ్ళీ గడ్డి! ఎడిటరుంటే ఈ రీలంతా కత్తిరించి పారేసేవాడు. సఫారీలో కత్తెర లేదు. ఎదురుచూడటమే అసలు కథ.

ఒక మలుపు దగ్గర డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. గడ్డిలోంచి ఆడసింహం లేచి, రోడ్డెక్కి, మా వ్యాను పక్కనించే నడిచిపోయింది. గాండ్రించలేదు. కనీసం తల తిప్పలేదు. థియేటర్లో మనం తెరని చూస్తాం గాని తెర మనల్ని చూడదు. అచ్చం అలాగే! భయం వేయలేదు గాని, నేనెంత చిన్న పాత్రనో తెలిసొచ్చింది.

వెనక సీట్లో ఒకాయన “ఇంకొంచెం ముందుకి పోనీవయ్యా, ఫొటో సరిగా రాలేదు” అన్నాడు. డ్రైవరు నవ్వి, “రఫీకీ, ఇది ఆమె ఇల్లు. దారికి అడ్డం పెట్టను” అన్నాడు. బండి కదల్లేదు.

దగ్గరికెళ్తే ఏం పోయింది అంటారా? చీతా సంగతి చూడండి. కళ్ళకింద కన్నీటి చారల్లాంటి నల్లగీతలుండే జంతువు. అది ఎక్కువగా పగటిపూటే వేటాడుతుంది, అంటే మన బళ్ళు తిరిగే వేళలోనే. కెన్యాలోనే ఉన్న మసాయి మారాలో చీతాల మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. టూరిస్టుల బళ్ళు తక్కువున్న చోట తల్లి చీతా సగటున రెండుకి పైగా పిల్లల్ని పెంచి పెద్దచేస్తే, బళ్ళు కిక్కిరిసిన చోట ఆ సగటు 0.2 దాకా పడిపోయింది. అంటే పది తల్లులకి కలిపి రెండు పిల్లలు! ఈ కథలో విలన్ ఎవరో చెప్పక్కర్లేదు. టిక్కెట్టు కొని కూర్చున్న ప్రేక్షకుడే. మారాలో ఒక జంతువు దగ్గర ఒకేసారి అయిదు బళ్ళకి మించి ఆగకూడదని నియమం పెట్టింది ఇందుకే.

నైరోబీ పార్కులో అడవి ఏనుగులు లేవు. ఏనుగుల కథ మాత్రం ఉంది. 1989 జులైలో అధ్యక్షుడు మోయ్ 12 టన్నుల ఏనుగు దంతాలని ఇక్కడే తగలబెట్టించారు. దంతం ఓ పట్టాన అంటుకోదు. సినిమాల్లో మంటల దృశ్యాలు సృష్టించే నిపుణుణ్ణి పిలిపించి ఉపాయం చేయించారు. 2016లో మరో 105 టన్నులు కాల్చారు. సెట్టింగు కాదు, నిజమైన దంతాలే సుమా! కొనేవాడుంటేనే చంపేవాడుంటాడని లోకానికి చెప్పడానికి. ఆ పార్కు అంచునే తల్లుల్ని పోగొట్టుకున్న గున్న ఏనుగులకి సీసాలతో పాలుపట్టి పెంచే ఆశ్రమం ఉంది. పెద్దయ్యాక వాటిని సావో అడవుల్లోకి పంపుతారు.

మీలో ఎవరైనా వెళ్ళేటట్టయితే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పదిరోజుల ముందు వేయించుకోండి. ఆ సర్టిఫికెట్టు లేకుండా తిరిగొస్తే మనవాళ్ళే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. మంచి బైనాక్యులర్ పట్టుకెళ్ళండి. అది దూరాన్ని మీ దగ్గరికి తెస్తుంది, మిమ్మల్ని జంతువు దగ్గరికి తీసుకెళ్ళదు.

మరొక్క మాట. “దగ్గరికి పోనీ” అని డబ్బిచ్చినవాడు అంటే డ్రైవరుకి కాదనడం కష్టం, అతని పొట్ట గడిచేది మనవల్లే కదా. అందుకని బక్షీసు ఇచ్చేటప్పుడు, బండిని దూరంగా ఆపినందుకే ఇస్తున్నానని చెప్పి మరీ ఇవ్వండి.