పందెం సొమ్ము ఎవరి ఖాతాలో ఉంది?

ఆన్‌లైన్ కేసినోలో ఖాతా తెరిచే ముందు చాలామంది మూడే చూస్తారు. ప్రచారం చేస్తున్నది ఎవరు, అడుగున లైసెన్సు ముద్ర ఉందా, మొదటి డిపాజిట్‌కు బోనస్ ఎంత. ఫుల్ టిల్ట్ పోకర్ అనే ఆన్‌లైన్ సైటుకు ఈ మూడూ దండిగా ఉండేవి. 2000లో పోకర్ ప్రపంచ విజేత అయిన క్రిస్ ఫెర్గూసన్ లాంటి పేరున్న ఆటగాళ్లే దాని వెనక ఉన్నారు. ఇంగ్లిష్ ఛానల్‌లోని ఆల్డర్నీ దీవి లైసెన్సు ఇచ్చింది.

2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం ఆ సైటును స్వాధీనం చేసుకుంది. లెక్కలు తీస్తే ఆటగాళ్లకు ఇవ్వాల్సింది సుమారు 39 కోట్ల డాలర్లు. బ్యాంకులో ఉన్నది దాదాపు 6 కోట్లు. తెర మీద మాత్రం అంతవరకూ ప్రతి ఒక్కరి బ్యాలెన్సూ పైసా తేడా లేకుండా కనిపిస్తూనే వచ్చింది. లైసెన్సు ఇచ్చిన దీవి దాన్ని సస్పెండ్ చేసేసరికి జూన్ నెలాఖరు. అమెరికా ఆటగాళ్లకు సొమ్ము తిరిగి రావడం మొదలైంది 2014లో. అదీ పోటీ సంస్థ పోకర్‌స్టార్స్ ఆ ఆస్తులు తీసుకుని ప్రభుత్వానికి డబ్బు కట్టింది కాబట్టి.

అందుకే మొదట అడగాల్సింది ఆట గురించి కాదు. కంపెనీ దివాలా తీస్తే ఆటగాడి సొమ్ము విడిగా ఉంటుందా, అప్పులవాళ్ల పాలవుతుందా? బ్రిటన్‌లో లైసెన్సున్న ప్రతి సైటూ ఈ సంగతి తన షరతుల్లో రాసి తీరాలి: రక్షణ లేదు, మధ్యస్థం, ఎక్కువ. ‘రక్షణ లేదు’ అని రాసి కూడా అక్కడ వ్యాపారం చేసుకోవచ్చు. లైసెన్సు ఉందంటే డబ్బు భద్రమని అనుకునేవాళ్లు ఆ ఒక్క వాక్యం వెతికి చదవాలి.

ఇక ఆట నిజాయితీ. 2007లో అబ్సల్యూట్ పోకర్ అనే సైటు టోర్నమెంటులో ఓడిపోయిన ఒక ఆటగాడు తన ముక్కల రికార్డు పంపమన్నాడు. కంపెనీ పొరపాటున మొత్తం ఎక్సెల్ ఫైలు పంపింది. అందులో అందరి చేతిలోని ముక్కలూ, టేబుల్‌ను బయటి నుంచి చూస్తున్న ఖాతాలూ ఉన్నాయి. గెలిచినవాడు మొదటి రెండు ఆటల్లో ముక్కలు పడేశాడు. 363 నంబరు ఖాతా చూడ్డానికి వచ్చి చేరింది. అక్కణ్నుంచి అతను చాలాసేపు ఒక్క ఆటలోనూ మొదట్లోనే ముక్కలు పడేయలేదు. అవతలివాళ్ల ముక్కలు అతనికి కనిపిస్తున్నాయి! ఈ మోసాన్ని బయటపెట్టింది వరస వరస చదివిన ఆటగాళ్లే. లైసెన్సు ఇచ్చిన కెనడాలోని కానావాకే గేమింగ్ కమిషన్ ఆ తర్వాత 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది, లైసెన్సు మాత్రం తీసేయలేదు.

మోసం లేకపోయినా లెక్క కేసినో వైపే ఉంటుంది. యూరోపియన్ రూలెట్‌లో 37 గళ్లు, ఒక్క గడి మీద కాసి గెలిస్తే ఇచ్చేది 35 రెట్లు. కాసిన ప్రతి వందలో సగటున 2 రూపాయల 70 పైసలు పోతుంది. వెయ్యి రూపాయల బోనస్ ఇచ్చి దానికి 30 రెట్లు ఆడాలంటే 30,000 కాయాలి, అంటే సగటున 810 రూపాయలు మళ్లీ కేసినోకే. బోనస్ పెద్దదైన కొద్దీ షరతును అంత అనుమానంగా చదవడం మంచిది.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో 2013 నుంచి ఆన్‌లైన్ కేసినోలు చట్టబద్ధం. అక్కడున్నవాళ్లు సైటు పేరును ప్రభుత్వ విభాగం జాబితాలోనే చూసుకోవాలి, సైటు అడుగున ఉన్న బొమ్మలో కాదు. పెద్ద మొత్తం వేసే ముందు కొంచెం వేసి, అదే తిరిగి ఖాతాలోకి రప్పించుకుని చూడాలి.

మన దగ్గర పరిస్థితి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది. ఆ చట్టం కింద శిక్షలు నడిపేవాళ్లకూ, ప్రచారం చేసేవాళ్లకూ, లావాదేవీలు జరిపేవాళ్లకూ, ఆడినవాళ్లకు కాదు. కాబట్టి ఇక్కడ ఎవరైనా ‘నమ్మకమైన కేసినో’ అని టెలిగ్రామ్‌లో లింకు పంపితే ఎంచుకోవడానికేమీ లేదు. అలాంటి యాప్‌లలో డిపాజిట్ చేసేటప్పుడు తరచూ కొత్త పేరు మీద యూపీఐ ఐడీ వస్తుంది. ఆ పేరు చాలాసార్లు కంపెనీది కాదు, ఎవరో ఖాతా అద్దెకిచ్చినవాడిది. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో దాచకుండా, ఆ స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటేలోపే ఆపించే వీలుంటుంది.