పంటి మీద పింగాణీ: సమ్మతి ఎవరిది?

ఈమధ్య మా సలహా కేంద్రానికి ఒక తల్లీ కూతురూ వచ్చారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె వాళ్లది. కూతురికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ చదివింది. పసుపు, గోధుమ రంగు చారలున్న గార పళ్లు. రెండు సంబంధాలు ఆ పళ్ల దగ్గరే ఆగిపోయాయి. పట్నంలో ఒక దంతవైద్యశాలలో చూపిస్తే ముందున్న ఎనిమిది పళ్లకు వెనీర్లు వేయాలన్నారట. పొదుపు సంఘంలో అప్పు తీసుకోవడానికి తల్లి సిద్ధపడింది. "నోరు తెరిస్తే సంబంధం పోతున్నది మేడం, ఏం జెయ్యాలె?" అంది. డాక్టరు ఏం చెప్పారమ్మా అని కూతుర్ని అడిగాం. "తెల్లగ అయితయన్నరు. రెండుసార్లు రమ్మన్నరు" అంది. ఆమెకు తెలిసింది అంతే.

గృహహింస, అత్యాచారం, కూలిరేట్ల వంటి సమస్యల మధ్య పళ్ల అందం గురించి సంపాదకీయమా అని మనలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ అమ్మాయి చెప్పిన రెండు ముక్కల వెనక మూడు హక్కుల ప్రశ్నలున్నాయి. ఆమెకు ఆ పళ్లనిచ్చింది ఎవరు? ఆమె పంటిని అరగదీయమని చెప్పే అధికారం ఎవరిది? రేపు అది విరిగితే ఖర్చు ఎవరిది?

మొదటి ప్రశ్నకు జవాబు నీళ్లలో ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లగొండ పల్లెల్లో తరాల తరబడి అంతకు ఎన్నోరెట్లు ఉన్న బోరు నీళ్లు తాగారు. ఈ గోడు ఢిల్లీకి వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి నిలబడ్డారు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నదీజలాలు ఊళ్లకు వచ్చాయి. అయితే జ్ఞానదంతాలు తప్ప మిగిలిన శాశ్వత పళ్ల ఎనామెల్ దాదాపు ఎనిమిదేళ్ల వయసు లోపే తయారైపోతుంది. ఆ తరవాత మంచినీళ్లు తాగినా పడిన మచ్చ పోదు. పథకం మొదలైననాటికే పదేళ్లు దాటిన ఆడపిల్లలు ఇవాళ పెళ్లిచూపుల్లో తల వంచుకుని కూచుంటున్నారు. పాలకుల నిర్లక్ష్యం వాళ్ల వ్యక్తిగత లోపంగా మారింది. అదే ఊళ్లో అదే నీళ్లు తాగిన మగపిల్లవాడి పళ్లను ఇంత పట్టిపట్టి చూసేవారు లేరు.

ఇక వెనీరు సంగతి. ఇది పంటి ముందు భాగానికి అతికించే పలుచటి పొర. అరమిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉంటుంది. పింగాణీతో గానీ కాంపోజిట్ అనే రెజిన్‌తో గానీ చేస్తారు. 1930ల నాటికి హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు సినిమా తారలకు ఇలాంటి పొరల్ని తాత్కాలికంగా అతికించేవాడు. షూటింగు కాగానే తీసేసేవారు. పింగాణీని పంటికి గట్టిగా పట్టించే పద్ధతి 1980లలో వచ్చింది. ఇప్పుడు షూటింగు అయ్యాక తీసేయడం కుదరదు. పొర పట్టడానికి సాధారణంగా పంటి ఎనామెల్‌ను కొంత అరగదీస్తారు. అరిగిన ఎనామెల్ తిరిగి పెరగదు. అంటే ఆ పంటికి ఇక జీవితాంతం ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే.

ఈ ఒక్క మాట ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. పింగాణీ పొర సాధారణంగా పది పదిహేనేళ్లు, కాంపోజిట్ అయిదారేళ్లు వస్తుందనీ, తరవాత మార్చుకోవాలనీ చెప్పలేదు. ఇరవై రెండేళ్లకు వేయించుకున్న మనిషి తన జీవితంలో మూడు నాలుగుసార్లు ఆ ఖర్చు పెట్టాలి. ఒక్కో పంటికి వేలల్లో అయ్యే ఆ ఖర్చును పెళ్లయ్యాక ఎవరు పెడతారో ఎవరూ ఆలోచించలేదు. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్‌కు అతుకు పట్టడం మామూలు పంటి కంటే కష్టం కావచ్చు. మచ్చలు తేలికగా ఉంటే పైపొరను కొద్దిగా రుద్దడం, బ్లీచింగ్, రెజిన్ పట్టించడం వంటి చిన్న చికిత్సలతోనే సరిపోవచ్చు. ముందు వాటి గురించి చెప్పి, తరవాత వెనీరు మాట ఎత్తాలి. పుచ్చు పళ్లు, చిగుళ్ల జబ్బు ఉంటే మొదట వాటిని నయం చేయాలి.

రెండో ప్రశ్నకు చట్టం జవాబు చెబుతోంది. ఢిల్లీలో ఒక మహిళ పరీక్ష కోసం మత్తులో ఉండగా, బయట కూచున్న ఆమె తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచి తొలగించారు. ఆ కేసులో 2008లో సుప్రీంకోర్టు, ప్రాణాపాయం లేనప్పుడు వయసొచ్చిన మనిషి తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని చెప్పింది. చికిత్స ఏమిటో, లాభమేమిటో, ప్రమాదమేమిటో, వేరే మార్గాలేమున్నాయో రోగికి తెలిపాకే సమ్మతికి విలువ అని కూడా చెప్పింది. గర్భసంచికి వర్తించే సూత్రమే పంటికీ వర్తిస్తుంది. తల్లి సంతకం, కాబోయే అత్తగారి కోరిక, పెళ్లిళ్ల పేరయ్య తొందర, ఇవేవీ ఆ అమ్మాయి సమ్మతి కావు.

మూడో ప్రశ్న నష్టపరిహారానిది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. వకీలు ఉండి తీరాలన్న నియమమూ లేదు. గడువు రెండేళ్లు. అయితే కాగితం లేకపోతే కేసు నిలవడం కష్టం. కాబట్టి ఏ పళ్లకు, ఏ పదార్థంతో, ఎంత ఖర్చుతో చేస్తారో ముందే రాయించుకోవాలి. పని మొదలుపెట్టకముందు పళ్ల ఫొటోలు, ఎక్స్‌రేలు, బిల్లు దగ్గర ఉంచుకోవాలి. చట్టం ప్రకారం దంతవైద్యుడిగా రిజిస్టరైన డాక్టరు మాత్రమే ఈ పని చేయాలి. బ్యూటీ పార్లర్లో ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోవద్దు. అనుమానం ఉంటే హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

ఇప్పటికే వేయించుకున్నవాళ్లను మనం నిందించనక్కర్లేదు. వాళ్లకు జాగ్రత్తలు చెప్పాలి. మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. బొగ్గుపొడి, ఉప్పు, గరుకు పళ్లపొడి వాడకూడదు. పళ్ల సందుల్ని దారంతో శుభ్రం చేసుకోవాలి. కుట్టుపని చేసేవాళ్లు దారం పంటితో తెంపకూడదు. పిన్నులు, సీసా మూతలు పళ్లతో తీయకూడదు. వక్క, చెరకు ముందు పళ్లతో కొరకకూడదు. కాంపోజిట్‌కు టీ, కాఫీ మరకలు పడతాయి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే నైట్ గార్డు అడగాలి. పొర కదిలినా, చిగురు వాచినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. పొర వేసినంత మాత్రాన లోపలి పన్ను పుచ్చిపోకుండా ఉండదు.

గార పళ్లతో ఉండలేనన్న అమ్మాయిని 'ఇది పితృస్వామ్య భావజాలం, నువ్వు లొంగకూడదు' అని మందలించే హక్కు మనకు లేదు. ఆ నోటితో నలుగురిలో నవ్వాల్సింది ఆమె. పూర్తిగా తెలుసుకుని ఆమె కావాలంటే అది ఆమె ఇష్టం. తెలుసుకుని వద్దంటే, ఆ మాటకు అడ్డుపడేవాళ్ల ముందు ఆమె పక్కన నిలబడడం మన పని. దాంతో మన పని అయిపోదు. నీళ్లకు పోరాడిన జిల్లాలో, ఆ నీళ్లు పాడుచేసిన పళ్ల చికిత్స సొంత ఖర్చుతో చేయించుకోవాల్సిన సొగసు కాకూడదు. అది ప్రభుత్వం తీర్చాల్సిన బాకీ. ఫ్లోరైడ్ ఊళ్లలో పుట్టిన యువతీ యువకులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో తగిన దంతచికిత్స ఉచితంగా అందించాలని మండల, జిల్లా స్థాయిలో మన సంఘాలు డిమాండు చేయాలి.

ఆ తల్లీ కూతురూ అప్పు కాగితం మీద సంతకం పెట్టకుండానే వెళ్లారు. వెళ్లేముందు కూతురు తన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. మొదటి ప్రశ్న, "అరగదీసినంక మళ్లీ మామూలుగ అయితదా?" ఆమె ఈసారి డాక్టరు ముందు కూచున్నప్పుడు ఆ ప్రశ్న తానే అడుగుతుంది. ఏం చేయించుకోవాలో కూడా తానే చెబుతుంది.