పతకం హక్కులకు పూచీకత్తు కాదు

1914 అక్టోబరు 31. బెల్జియంలోని హోలెబెక్ గ్రామం వద్ద 129వ బలూచీ దళం రెండు మెషిన్‌గన్లతో జర్మన్ సేనను నిలువరిస్తున్నది. అధికారి గాయపడ్డాడు. ఒక గన్‌ను ఫిరంగిగుండు ధ్వంసం చేసింది. రెండవ గన్ వద్దనున్న సిపాయి ఖుదాదాద్ ఖాన్ తానూ గాయపడినా, సహచరులు ఐదుగురూ నేలకొరిగే వరకు కాల్పులు ఆపలేదు. మరణించాడని భావించి శత్రువులు వదిలివెళ్లగా, రాత్రి చీకటిలో పాకుతూ తన దళాన్ని చేరుకున్నాడు. విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సిపాయి ఆయనే.

ఆ పతకాన్ని నెలకొల్పినది 1856లో. భారతీయ సిపాయిలకు దానిని పొందే అర్హత కల్పించినది 1911లో. అంటే యాభై ఐదేళ్లపాటు మనవారి రక్తం పనికివచ్చింది గాని, సమాన గౌరవానికి నోచుకోలేదు. ఖుదాదాద్ పంజాబువాడు. యుద్ధానికి వేలకొలది బిడ్డలను పంపిన ఆ పంజాబులోనే, 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధులైన ప్రజలపై అదే ప్రభుత్వ సైన్యం తూటాలు కురిపించింది. సిపాయి పతకం ఆ ప్రజలకు రక్షణ కాలేదు.

ఈ చరిత్రను నేడు గుర్తుచేయడానికి కారణమున్నది. "దేశానికి మీవాళ్లేం చేశారు?" అని ఎవరైనా నిలదీసిన ప్రతిసారీ మనం 1965 యుద్ధవీరుడు అబ్దుల్ హమీద్ మొదలుకొని పేర్ల జాబితా వల్లిస్తున్నాము. ఆ వీరులపై గర్వం న్యాయమే. కాని జాబితాతో జవాబు చెప్పడమంటే, ఆ ప్రశ్న అడిగే అధికారం వారికున్నదని ఒప్పుకోవడమే. నేను ప్రభుత్వ గుమాస్తాగా దశాబ్దాలపాటు దరఖాస్తులు పరిశీలించాను. రేషన్ కార్డుకో, పింఛనుకో వచ్చిన మనిషిని తాతగారి శౌర్యపత్రం తెమ్మని ఏ నిబంధనా కోరదు. రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు సమానత్వాన్ని వీరుని మనుమడికీ, రిక్షా కార్మికుని కుమార్తెకూ ఒకే తీరున ఇచ్చింది.

కనుక ఖుదాదాద్ ఖాన్ కథను పిల్లలకు తప్పక చెప్పండి. పరాయి ప్రభువుల యుద్ధంలోనూ తోటివారిని విడిచిపోని మనిషిగా చెప్పండి. ఇళ్లలో పాత సైనిక పత్రాలు, పతకాలు ఉంటే భద్రపరచండి. అవి మన జ్ఞాపకాలు. విధేయతకు సాక్ష్యంగా ఎవరి ముందూ పరచవలసినవి కావు.