చేపలతొట్టికి పెద్ద పంపు వలయునా?

ఇటీవల మన విద్యార్థుల యిండ్లకు పోయినప్పుడెల్ల ఒక ముచ్చటైన వస్తువు నా కంటబడుచున్నది. ముందుగదిలో బల్లమీద నొక చిన్న గాజుతొట్టి, దానిలో నాలుగైదు రంగుచేపలు, మూలను గుడగుడలాడు నీటిపంపు. పిల్లలు బడినుండి వచ్చి, పుస్తకముల సంచి దింపకమునుపే దానియొద్దకు పోయి నిలుచుందురు. ఇది మంచి యలవాటనియే నా తలంపు. పుస్తకములోని బొమ్మకంటె ప్రాణముతో నీదులాడు చేప గొప్ప పాఠము చెప్పును.

అయితే ఈ తొట్లనుగూర్చి తల్లిదండ్రులు నన్ను మాటిమాటికి నడుగు ప్రశ్న యొకటి కలదు. చేపలు పైకివచ్చి నోళ్లు తెఱచుచున్నవి, నీరు మసకబారుచున్నది, ఉన్న పంపును తీసివేసి పెద్ద పంపు పెట్టవచ్చునా అని. దీనికి నా యభిప్రాయమును ఈ వార్షిక సంచికయందు విన్నవించుచున్నాను. పెక్కు తావుల కావలసినది పెద్ద పంపు కాదు, శ్రద్ధగల చేయి. పెద్ద పంపు నిజముగా కావలసిన తావులును గలవు. కాని ముందుగా కొలిచి చూడనిదే మన తొట్టి ఈ రెంటిలో దేనికి చెందినదో చెప్పరాదు.

ఈ మాట నేను కేవలము పుస్తకము చూచి చెప్పుచున్నది కాదు. ఒక తప్పు చేసి నేర్చుకొంటిని. దానిని దాచక యిచట వ్రాయుట నా విధి యని తలంచుచున్నాను.

మా యింట నొక తొట్టి కలదు. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. లెక్కకు 54 లీటర్లు పట్టవలెను. కాని ఇసుకయు రాళ్లును కొంత చోటు తీసికొనును, అంచువఱకు నింపము గనుక నికరముగా నుండునది 45 లీటర్లు. దానిలో నాలుగు చేపలుండెను. ఒక వేసవి సెలవులలో ఆఱవ తరగతి బాలుడొకడు తాతగారి యూరికి పోవుచు, తన రెండు బంగారుచేపలను సీసాలో తెచ్చి, “మాస్టరుగారూ, బడి తెరిచేదాకా మీ దగ్గరే ఉంచండి” అని నా కప్పగించి పోయెను.

మే నెల యెండలు ముదిరెను. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱవసాగెను. పంపునుండి వచ్చు ధార సన్నగిల్లెను. బజారుకు పోయి యడుగగా అంగడివాడు, “మీ పంపు చిన్నదండి, పెద్దది పెట్టండి, అన్నీ సర్దుకుంటాయి” అనెను. గంటకు 1000 లీటర్లు తోడునని పెట్టెమీద వ్రాసియున్న పంపును కొని తెచ్చితిని. పాత పంపును మూలపెట్టితిని. దాని స్పంజి నల్లగా జిడ్డుగా నుండుటచే పాఱవేసితిని. ఇసుకను, రాళ్లను కుళాయినీటితో తెల్లబడునట్లు కడిగి, క్రొత్త నీరు నింపి, క్రొత్త పంపును, క్రొత్త స్పంజిని అమర్చితిని. మఱునాడు నీరు అద్దమువలె నుండెను. చూచినవారందఱు మెచ్చుకొనిరి.

నాల్గవ నాటికి చేపలు ధారకు ఎదురీదలేక మూలల నొదిగినవి. మొప్పలు ఎఱ్ఱబారెను. పదవ దినము గడచునప్పటికి ఆఱింటిలో నాలుగు చచ్చెను. ఆ బాలుని రెండు చేపలును వానిలోనివే.

బడి తెఱచిన దినమున వాడు ఖాళీ సీసా పట్టుకొని మా గుమ్మములో నిలిచెను. ఎండకు చచ్చినవని చెప్పుట నాకు సులభముగా నుండెను. ఆ యేడు ఎండలు మెండు గనుక ఎవరును నన్ను తప్పుపట్టియుండరు. కాని నీరు పల్లమెఱుగును, నిజము దేవుడెఱుగును అని మన పెద్దల మాట. “బాబూ, ఎండవల్ల కాదు, నా తప్పువల్ల చచ్చిపోయినవి” అని చెప్పితిని. వాడు చాలసేపు సీసావైపే చూచుచు మాటలాడలేదు. తరువాత, “ఏం తప్పు చేశారు మాస్టరుగారూ?” అని యడిగెను. ఆ ప్రశ్నకు సరియైన యుత్తర మీయవలయుననియే ఈ విషయమును శ్రద్ధగా చదువ నారంభించితిని. నాకు తెలిసినది యిది.

తొట్టిలో పంపు చేయు పనులు మూడు. మొదటిది, నీటిని స్పంజిగుండ పోనిచ్చి మురికిని వడగట్టుట. రెండవది, నీటి పైభాగమును కదల్చుట. గాలిలోని ప్రాణవాయువు నీటిలో చేరునది ముఖ్యముగా ఆ పైభాగముననే. లేచుచున్న బుడగలు చేయు మేలు సయితము అధికభాగము పైనీటిని కదల్చుటవలననే కలుగును. మూడవ పని కంటికి కనబడదు, కాని అన్నిటికంటె ముఖ్యమైనది. చేప తన మొప్పలనుండి అమ్మోనియాను విడుచుచుండును. అది దానికే విషము. స్పంజిలోను ఇసుకలోను కాపురముండు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రైటును విషమే. నైట్రేటు అంత హానికరము గాక మొక్కలకు ఆహారమగును. ఇట్టి జీవులను రష్యాదేశపు శాస్త్రజ్ఞుడగు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వేఱుపఱచి చూపెను. మన పొలముల మట్టిలోను ఇట్టి జీవులే యీ పనిని చేయుచున్నవి.

నేను మురికి యనుకొని పాఱవేసిన స్పంజి ఈ పనివాండ్ర నివాసము. కుళాయినీటిలో క్లోరిను కలుపుట క్రిములను చంపుటకే గదా. ఇసుకలో మిగిలియున్న మేలుచేయు జీవులను మాత్రము అది విడిచిపెట్టునా? నీటిని తేటపఱచితి ననుకొని నేను దానిని విషముతో నింపితిని. అమ్మోనియాకు రంగు లేదు. అద్దమువలె నున్న నీటిలో నున్నను అది కనబడదు.

ఇక మొదట చేపలు నోళ్లు తెఱచుటకు కారణమేమి? వేడిమి హెచ్చినకొలది నీటిలో నిలుచు ప్రాణవాయువు తఱుగును. 25 డిగ్రీల వేడిగల నీటిలో లీటరునకు సుమారు 8 మిల్లీగ్రాములు పట్టగా, 35 డిగ్రీలకు సుమారు 7 మాత్రమే పట్టును. ఆ వేడిలోనే చేపకు కావలసిన ప్రాణవాయువు హెచ్చును. దీనికి తోడు మా యింటిలో ఎవరికి తోచినప్పుడు వారు మేత వేయుచుండిరి, తినగా మిగిలినది అడుగున క్రుళ్లుచుండెను. స్పంజిని కడిగి రెండు నెలలయ్యెను. ఇవి మా దోషములు. పంపు దోషము కాదు.

ఈ సంగతిని ఆ బాలుడును నేనును కలిసి పరీక్షించితిమి. మూలబడియున్న పాత పంపును తీసి బకెట్టులో నడిపించి, దాని ధారను లీటరు చెంబులో పట్టితిమి. చెంబు నిండుటకు 40 సెకనులు పట్టెను. అనగా గంటకు 90 లీటర్లు. పిమ్మట కరెంటు తీసివేసి పంపును విప్పితిమి. ఈ పంపులలో మోటారు తీగచుట్ట నీరు సోకకుండ మూయబడి యుండును. దాని యయస్కాంతశక్తియే వెలుపలి చిన్న అయస్కాంతపు చక్రమును త్రిప్పును. ఆ చక్రమును చేతితో లాగి కడుగవచ్చును. దానికి పాచియు జిగురును పట్టియుండెను. పాత పండ్లబ్రష్షుతో తోమి మరల చెంబు పట్టితిమి. 16 సెకనులలో నిండెను. అనగా గంటకు 225 లీటర్లు.

తొట్టినీరంతయు గంటకు నాలుగు మొదలు ఆఱు సార్లు పంపుగుండ తిరిగినచో చాలునని చేపలు పెంచువారి వాడుక. 45 లీటర్లను అయిదుతో గుణించిన 225. మా తొట్టికి కావలసిన పంపు మొదటినుండియు మా యింటనే యుండెను! దానిని కడుగుటకు పది నిమిషములు చాలియుండును. నేను కొనిన పంపు తొట్టినీటిని గంటకు 22 సార్లు త్రిప్పగలది. పిండికొలది రొట్టె యన్న సామెత నేను బడిలో నెన్నిసార్లు చెప్పితినో, నా యింట నొకమాఱును తలంచుకొననైతిని.

చేప స్వభావమును గూడ విచారింపవలెను. ఏటి ధారలలో పుట్టిన చిన్నచేపలకు కొంత ప్రవాహము సంతోషము. పొడుగు రెక్కల బంగారుచేపకు అది శ్రమ. బెట్టా, గౌరామి యను చేపలు మన చెఱువులలోని కొర్రమీనువలె నీటిపైకి వచ్చి గాలినే పీల్చుకొనగలవు. అవి నిలుకడ నీటిని కోరును. అట్టివానికి గట్టి ధార పెట్టుట, వృద్ధుని సంతలోని త్రోపిడిలో నిలువబెట్టుటవంటిది.

అయితే పంపును పెంపుచేయుట యెన్నడును కూడదని నేననను. తొట్టిని పెద్దది చేసినప్పుడు, చేపలు పెరిగి వాని మలము హెచ్చినప్పుడు, పంపును కడిగి కొలిచినను లెక్కకు చాలనప్పుడు పెద్దది కొనవలసినదే. కొనునప్పుడు కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. పెట్టెమీది లెక్క నీటిని పైకెత్తు శ్రమ లేనప్పటిది. ఎత్తు హెచ్చినకొలది ధార తఱుగును, పెట్టెమీద వ్రాసిన గరిష్ఠమైన యెత్తునకు చేరునప్పటికి ధారయే యుండదు. కావున కొంత మిగులుగల పంపును, ధారను తగ్గించుకొను మీటగలదానిని ఎన్నుకొనుట మేలు. ధారను చేపలవైపునకు గాక గాజుగోడవైపునకో పైనీటిమీదికో త్రిప్పుడు. పాత స్పంజిని పాఱవేయక, క్రొత్తదానితోపాటు నెల దినములకు తక్కువగాకుండ తొట్టిలోనే యుంచుడు. ఆ జీవులు క్రొత్త యింటికి నెమ్మదిగా కాపురము మార్చుకొనును. స్పంజిని కుళాయిక్రింద గాక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండుడు. పంపు తీగను ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడవిడిచి పైకి తీసికొనుడు. తీగవెంట జాఱు నీటిబొట్టు ప్లగ్గును చేరక క్రిందనే రాలిపోవును. తొట్టిలో చేయి పెట్టకమునుపు ప్లగ్గు తీయుడు. పిల్లలారా, ఈ యొక్క మాటను మాత్రము ఎన్నడును మఱవకుడు.

ఖర్చుమాటయు విచారింపదగినదే. 5 వాట్ల పంపు రాత్రింబవళ్లు నడచిన నెలకు 3.6 యూనిట్లగును. 20 వాట్లదానికి 14.4 యూనిట్లు. అక్కఱలేని పంపు నెలనెలకును మనయొద్ద పన్ను వసూలుచేయుచుండును.

యంత్రము మన శ్రమను తగ్గించుటకే గదా, దానిని పెద్దది చేసికొన్న తప్పేమని కొందఱనవచ్చును. శ్రమను తగ్గించు యంత్రమును నేను గౌరవింతును. కాని శ్రద్ధను మానిపించు యంత్రము మేలు చేయదు. 1850వ సంవత్సరమున రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు లండనులోని రసాయనశాస్త్ర సంఘమునకు ఒక పరిశోధనను విన్నవించెను. సుమారు 12 గాలనుల గాజుపాత్రలో రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను, క్రుళ్లిన ఆకులను తినుటకు నత్తలను ఉంచి, అవి యొకదాని కొకటి తోడ్పడుచు బ్రదుకుటను ఆయన చూపెను. 12 గాలనులనగా దాదాపు మా తొట్టిలెక్కయే. అందు పంపు లేదు. చేపలు కొద్ది, మొక్కలు కలవు, కనిపెట్టి చూచు కన్ను కలదు. పంపును వలదని చెప్పుటకు దీనిని చూపుటలేదు. కరెంటు పోయిన రాత్రి మీ చేపలను కాపాడునది ఈ కొద్దితనమును ఈ కనిపెట్టుటయునే యని చెప్పుచున్నాను.

కావున తల్లిదండ్రులకు నా మనవి యిది. తొట్టి మసకబారినప్పుడు అంగడికి పోవుటకు ముందు నాలుగు పనులు చేయింపుడు. మేత తగ్గింపుడు. పంపును స్పంజిని చెప్పినరీతిని శుభ్రపఱపుడు. వారమునకొకమాఱు నాల్గవవంతు నీటిని తీసి, ఒక దినము వెడల్పాటి పాత్రలో నిలువయుంచిన నీటిని పోయుడు. చెంబును గడియారమును పట్టుకొని ధారను కొలువుడు. ఈ పనులను మీరు చేయక మీ పిల్లలచేత చేయింపుడు. సముద్రపు చేపలమీదను సమస్త జీవులమీదను మనకీయబడిన యధికారము గృహనిర్వాహకుని యధికారము వంటిది. అట్టివాడు తనకప్పగింపబడిన దానికి లెక్క చెప్పవలసినవాడు. నేనొక బాలుని సీసాముందు ఆ లెక్క చెప్పితిని.

ఆ బాలుడిప్పుడు పై తరగతిలో నున్నాడు. మా తొట్టిలో నిపుడు పాత పంపే నడచుచున్నది. నెలకొకమాఱు వాడు సాయంకాలమున వచ్చి, చెంబు పట్టి, గడియారము చూచి, ఎన్ని సెకనులో ఒక నోటుపుస్తకములో వ్రాసిపోవుచున్నాడు. 20 సెకనులు దాటినచో, “మాస్టరుగారూ, కడగాలి” అని నన్ను హెచ్చరించుచున్నాడు. నేను కడుగుచున్నాను.