ఇల్లు చూశాం సరే, నవల ఎప్పుడు చదువుదాం?

పోయిన సెలవుల్లో రాజమండ్రిలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. మొదటి రోజంతా గట్టు మీద కూర్చుని గోదావరినే చూస్తుండిపోయా. నవ్వకండి. పెన్న అంటే ఇసుకే అనుకుంటూ పెరిగిన అనంతపురం వాడికి అన్ని నీళ్ళు ఒక్కచోట కనిపిస్తే అట్లే ఉంటుంది. రెండో రోజు మా తమ్ముడు "అన్నా, వీరేశలింగం గారి ఇల్లు చూసొద్దామా?" అన్నాడు. నాకు ఆ పేరు టెన్త్‌లో రెండు మార్కుల ప్రశ్నగా మాత్రమే తెలుసు. ఖాళీగా కూర్చోవడం కంటే నయం కదా అని బయల్దేరాను.

కందుకూరి వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న ఆ ఊళ్ళోనే పుట్టారు. ఆయన ఇంటిని కూల్చకుండా, స్మారకంగా కాపాడి ఉంచారు. మేం వెళ్ళిన మధ్యాహ్నం లోపల మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. అందరిలాగే నేనూ మొదట ఫోటోలు తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఒక పాత ఇల్లు చూసినట్టే ఉంది, పెద్దగా ఏమీ అనిపించలేదు. అక్కడ నిలబడి ఉండగా మా తమ్ముడు వాళ్ళ తెలుగు సార్ చెప్పిన సంగతి ఒకటి చెప్పాడు, అప్పటి నుంచీ అదే తలలో తిరుగుతోంది.

1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు ఆ ఊళ్ళో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వాళ్ళను వెలేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే స్వయంగా వంట చేసి, గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చారు. అంత నది పక్కనే ఉండి కూడా నీళ్ళకు కష్టం! మా దగ్గర వాన లేక బిందె మోస్తారు, అక్కడ మనుషులు తోడు రాక మోయాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక మా అవ్వకు ఈ విషయం చెబితే ఆమె అడిగింది ఒకే మాట: "ఎంత దూరం మోసింది నాయనా?" పన్నెండేళ్ళ బడిలో నేనెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. సంస్కర్త, యుగకర్త అని బిరుదులు బట్టీ పట్టాను, అంతే. ఆ ఇంటి నుంచి నది వరకూ నడిచి చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. రచయితల ఇళ్ళు కాపాడాలి. కానీ పుస్తకం చదవకుండా ఇల్లు చూడటమంటే గేటు దాకా వెళ్ళి వెనక్కి రావడమే. నేను చేసింది అదే.

ఊరికొచ్చాక 'రాజశేఖర చరిత్రము' మొదలుపెట్టాను. 1878లో పత్రికలో భాగాలుగా వచ్చిన నవల. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, కొనాల్సిన పని లేదు, నెట్‌లో దొరుకుతుంది. మొదటి పది పేజీలకు వారం పట్టింది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆ గ్రాంథికం వేరే భాషలా అనిపించింది. రెండుసార్లు మూసేశాను కూడా. కానీ కథ పట్టుకున్నాక వదల్లేదు. ధవళేశ్వరంలో ఒక ఉన్నవాడు, చుట్టూ పొగిడేవాళ్ళు. బంగారం చేసిస్తానని నమ్మించి ఉన్న బంగారంతో ఉడాయించే దొంగ సన్యాసి ఒకడు. డబ్బు పోగానే పొగిడినవాళ్ళూ పోతారు. వారంలో డబ్బు డబుల్ అవుతుందని యాప్‌లో పెట్టి పోగొట్టుకున్నవాళ్ళు మన హాస్టళ్ళలో లేరా? సన్యాసి వేషం మారింది, అంతే.

ఇంకో సంగతి నాకు ధైర్యం ఇచ్చింది. ఈ నవలకు ప్రేరణ గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చేసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. తర్వాత 1887లో మన నవలే 'ఫార్చూన్స్ వీల్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్ళింది. అంటే ఇంగ్లీష్ చదివినవాళ్ళకు తెలుగులోకి రావడానికి దారి అప్పుడే ఉంది. మనలాంటివాళ్ళం పరాయివాళ్ళం కాదు.

ఇదంతా చెబితే నా రూమ్మేట్ అన్నాడు: "తాగేకి నీళ్ళు లేని సీమలో రైటర్లకు ఇళ్ళు యాలప్పా? ఆ దుడ్లతో రెండు బోర్లు వేయొచ్చు కదా!" తీసిపారేయలేని మాట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేరుశనగకు కావాల్సినప్పుడు పడని జిల్లా మనది. కానీ ఇన్నేళ్ళూ మ్యూజియం కట్టలేదు కాబట్టి మనకు నీళ్ళు వచ్చాయా? ఈ కరువు ఎట్లుంటుందో బయటివాళ్ళకు చెప్పింది మన రాతగాళ్ళే. 'పెన్నేటి పాట' రాసిన విద్వాన్ విశ్వం గారిది మన తరిమెల. చిలుకూరి దేవపుత్ర 'పంచమం' రాసింది ఈ నేల మీది దళితుల బతుకు గురించే. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన క్లాసులో ఎంతమంది చదివారు? నేనూ ఈ మధ్యే మొదలుపెట్టాను, అందుకే ఎవరినీ తప్పు పట్టను.

పైగా వీరేశలింగం గారి కంటే ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీరంగరాజ చరిత్ర' రాశారు. అదే తొలి తెలుగు నవల అనేవాళ్ళూ ఉన్నారు. కర్నూలు జిల్లా మాన్యువల్ రాసింది కూడా ఆయనే. మన పక్క జిల్లాతో అంత సంబంధం ఉన్న మనిషి ఇల్లు చూద్దామని ఎవరూ బయల్దేరరు.

ఇల్లు నిలవడానికి ముందు పాఠకులు ఉండాలి. మైసూరులో ఆర్‌.కె. నారాయణ్ ఇంటిని 2011లో కూల్చడం మొదలుపెట్టారు. జనం గొడవ చేశాకే ఆగింది. 2016లో అది మ్యూజియం అయింది. ఆయన పుస్తకాలు ఎవరూ చదవకపోయి ఉంటే గొడవ చేసేవాళ్ళెవరు?

మన క్లబ్‌కు నా ప్రతిపాదన చిన్నది. ఈ సెమిస్టర్‌లో ఒకే ఒక్క అనంతపురం నవల అందరం చదువుదాం. చదివాక, అందులోని ఊరికి బస్సులో పోయొద్దాం. అక్కడి పెద్దవాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసి, టైప్ చేసి ఈ పత్రికలోనే పెడదాం. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, బస్సు చార్జీలు చాలు. కోడింగ్ వచ్చినవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, ఒక పేజీ తయారు చేయడం ఎంతసేపు?

నేను మాత్రం వచ్చే సెలవుల్లో మళ్ళీ రాజమండ్రి పోతున్నాను. ఈసారి ఆ ఇంటి గుమ్మం నుంచి గోదావరి వరకూ నడుస్తాను. మా అవ్వకు జవాబు చెప్పాలి కదా.